అప్రమేయ విలువ: పహాణీ గడి నుంచి డేటాబేస్ పట్టిక దాకా

వ్యాససంగ్రహం

డేటాబేస్ పట్టికలో ఒక కాలమ్‌కు ఎవరూ విలువ ఇవ్వనప్పుడు దానంతటదే వచ్చి కూర్చునే విలువను తెలుగు సాంకేతిక పదజాలం ‘అప్రమేయ విలువ’ అంటున్నది. ఇది కంప్యూటర్‌తో పుట్టిన ఆలోచన కాదు. తెలంగాణ భూమి లెక్కల్లో, ముఖ్యంగా పహాణీలోని అనుభవదారు గడిలో, ఇదే పద్ధతి చాలాకాలం చేతిరాతలో నడిచింది. చేతిరాత నుంచి డేటాబేస్‌కు మారినప్పుడు ఆ గడికి ఏం జరిగిందో సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్ పరిసరాలను దృష్టిలో పెట్టుకొని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. విచారించి రాసిన విలువకూ, విచారించకుండా వచ్చి చేరిన విలువకూ మధ్య తేడా తెలిపే గుర్తు పట్టికలో మిగలదనీ, అందువల్ల ఆ పట్టికను చారిత్రక ఆధారంగా వాడేవారు విలువ కంటే ముందు పట్టిక నిర్మాణాన్ని చదవవలసి ఉంటుందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: అప్రమేయ విలువ, పహాణీ, కబ్జాదారు, అనుభవదారు, ధరణి, సుల్తాన్‌పూర్.

ప్రవేశిక

ఔటర్ రింగ్ రోడ్డు మీద పటాన్‌చెరు వైపు వెళ్ళేవారికి సుల్తాన్‌పూర్ ఒక దిగుడు దారి పేరుగా పరిచయం. అమీన్‌పూర్ మండలంలోని ఈ గ్రామం 2016 అక్టోబరులో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగే వరకు మెదక్ జిల్లాలో ఉండేది. 2017 జూన్‌లో ఇక్కడ సుమారు 250 ఎకరాల్లో వైద్య పరికరాల పార్కు ప్రారంభమైంది. 1970ల నుంచి పటాన్‌చెరు చుట్టూ పెరుగుతూ వచ్చిన పారిశ్రామిక వలయం ఆ విధంగా ఇక్కడి దాకా విస్తరించింది. జొన్న చేను, కంది చేను ఉన్న నేల లేఅవుట్‌గా, గోదాముగా, కర్మాగారంగా మారడం ఈ ప్రాంతంలో ఒక తరం కళ్ళముందు జరిగిపోయిన పని. భూమి రూపం ఇంత వేగంగా మారే చోట, ‘ఈ చేను ఎవరిది?’ అన్న ప్రశ్నకూ ‘ఈ చేను ఎవరు దున్నుతున్నారు?’ అన్న ప్రశ్నకూ వేరువేరు జవాబులు ఉంటాయి. మొదటి జవాబుకు ధర ఉంటుంది. రెండవ జవాబుకు కాగితం మీద ఒక గడి ఉండేది. ఈ వ్యాసం ఆ గడిని గురించి.

తెలుగు శాఖలో పనిచేసే అధ్యాపకుడు డేటాబేస్ పట్టికల జోలికి ఎందుకు వెళ్ళాలన్న సందేహం సహజమే. కైఫియత్తులు, దండకవిలెలు మన సాహిత్య చరిత్రకు ఆధారాలైనట్టే పహాణీ కూడా తెలుగు నేల మీద తయారైన పాఠం. దాని పరిభాషకు మన నిఘంటువుల్లో సరైన స్థానం ఇంకా దక్కలేదు. ఇప్పుడా పాఠం డేటాబేస్‌లో ఉంది కాబట్టి దాని పాఠపరిష్కరణకు డేటాబేస్ వ్యాకరణం కొంతైనా తెలియాలి.

‘అప్రమేయం’ అన్న మాట

‘డిఫాల్ట్’ అనే ఆంగ్ల పదానికి తెలుగు వికీపీడియాలోనూ, మరికొన్ని సాఫ్ట్‌వేర్ల తెలుగు రూపాల్లోనూ ‘అప్రమేయం’ అన్న మాట స్థిరపడింది. సంస్కృతంలో అప్రమేయమంటే కొలవశక్యం కానిది, ప్రమాణాలకు అందనిది. విష్ణు సహస్రనామాల్లో ఇది ఒక నామం. కంప్యూటర్ తెరపై ‘అప్రమేయ భాష’, ‘అప్రమేయ అమరిక’ అని చూసినప్పుడు సంస్కృతం చదివినవారికి నవ్వు రావచ్చు. అయితే తెలుగు వాడుకలో ‘ప్రమేయం’ అంటే జోక్యం, సంబంధం. ‘ఇందులో నా ప్రమేయం ఏమీ లేదు’ అంటాం. ఆ వాడుక మీద నిలబడితే, అప్రమేయ విలువ అంటే ఎవరి ప్రమేయమూ లేకుండా వచ్చే విలువ. పదకల్పన చేసినవారు దీన్నే ఉద్దేశించారని తోస్తుంది.

నా అభ్యంతరం కూడా ఇక్కడే ఉంది. అప్రమేయ విలువలో ఒకరి ప్రమేయం తప్పకుండా ఉంటుంది. ఆ ఒకరు పట్టికను నింపినవారు కారు, పట్టికను గీసినవారు. వారు పని ముగించుకొని వెళ్ళిపోయాక ఆ విలువ అమలులోకి వస్తుంది కాబట్టి ప్రమేయం కనిపించదు. విచిత్రంగా, మనం వదిలేసిన సంస్కృతార్థమే ఈ సందర్భానికి ఎక్కువగా అతుకుతుంది. ప్రమాణం చేత తెలియబడనిది అప్రమేయం. సాక్ష్యం లేకుండా గడిలోకి వచ్చిన విలువ సరిగ్గా అటువంటిదే.

వ్యాకరణం తెలిసినవారికి ఈ ఊహ కొత్తది కాదు. ఉత్సర్గ విధి, అపవాద విధి అన్న విభజనలో ఉత్సర్గం చేసే పని ఇదే. ప్రత్యేక విధి లేని చోట సామాన్య విధి ప్రవర్తిస్తుంది. తెలుగులో స్త్రీవాచక శబ్దాలు ఏకవచనంలో అమహత్తులతో కలిసిపోతాయి. ‘ఆమె వచ్చింది’, ‘ఆవు వచ్చింది’ అన్న చోట క్రియ ఒకటే. బహువచనానికి వచ్చేసరికి అవే శబ్దాలు మహత్తుల వరుసలో చేరి ‘వారు వచ్చారు’ అవుతాయి. 1858 నాటి బాలవ్యాకరణం ఈ వ్యవస్థను సూత్రీకరించింది గాని సృష్టించలేదు. భాష ఏకవచనపు గడిలో ఒక విలువను ముందే పెట్టి ఉంచింది. దానిని నిర్ణయించినవారెవరో చెప్పలేం, అడిగితే భాషాస్వభావం అంటాం. పట్టిక విషయంలో ఆ జవాబు చెల్లదు, ఎందుకంటే పట్టికను గీసిన తేదీ ఉంటుంది, గీసిన కార్యాలయం ఉంటుంది.

పహాణీ: చూసి రాసిన లెక్క

పహాణీ మరాఠీ నుంచి వచ్చిన మాట. ‘పాహణే’ అంటే చూడటం. పొలం దగ్గరికి వెళ్ళి, ఏ సర్వే నంబరులో ఎవరు ఏ పంట వేశారో చూసి రాసుకొనేది పహాణీ. అది సరిగ్గా జరిగిందో లేదో పై అధికారి తనిఖీ చేయడాన్ని అజ్మాయిషీ అన్నారు. మొదటి సాలార్‌జంగ్ కాలంలో, 1875 ప్రాంతంలో, హైదరాబాదు రాజ్యంలో సర్వే సెటిల్‌మెంటు పని మొదలైంది. దాని ఫలితంగా తయారైన సేత్వార్ ప్రతి సర్వే నంబరుకూ విస్తీర్ణాన్ని, శిస్తును, పట్టాదారును నిర్ణయించింది. సేత్వార్ ఒకసారి తయారై నిలిచిపోయే పత్రం. పహాణీ ఏటేటా ఫసలీతో పాటు కొత్తగా రాయవలసినది.

1949లో జాగీర్ల రద్దు తర్వాత దివానీ, జాగీరు తేడాలు పోయి గ్రామాలన్నీ ఒకే రెవెన్యూ పద్ధతి కిందికి వచ్చాయి. 1358 ఫసలీ నాటి భూహక్కుల రికార్డు రెగ్యులేషన్ కింద 1954-55లో, అంటే 1364 ఫసలీలో, ఖాస్రా పహాణీ తయారైంది. ఈనాటికీ తెలంగాణలో భూవివాదం కోర్టుకెక్కితే మొదట అడిగే కాగితాల్లో అదొకటి. 1950 నాటి కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారులను గుర్తించిన రోజులవి. భూమి ఎవరి పేరున ఉందో, ఎవరి చేతి కింద ఉందో విడివిడిగా రాయడం అప్పుడు పాలనకు అవసరమైంది. అందుకే పహాణీలో పట్టాదారు గడి వేరు, కబ్జాదారు గడి వేరు.

‘కబ్జాదారు’ మాట చరిత్ర ఆసక్తికరమైనది. ఈ రోజు పటాన్‌చెరు, అమీన్‌పూర్ వైపు కబ్జా అంటే చెరువు శిఖాన్నో ప్రభుత్వ భూమినో ఆక్రమించడమే, కబ్జాదారు అంటే నేరగాడే. పాత పహాణీలో కబ్జాదారు అంటే భూమి ఎవరి స్వాధీనంలో ఉందో ఆ మనిషి, అంతకుమించి నింద ఏదీ లేదు. కాలక్రమంలో ఆ గడికి ‘అనుభవదారు’ అన్న పదం వచ్చింది. పాత మాట అర్థాపకర్షకు లోనుకావడం వల్లనే ఈ మార్పు జరిగిందని చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు గాని, ఆ గడి పట్ల సమాజం చూపు మారిందనడానికి ఆ అర్థాపకర్ష మంచి ఉదాహరణ. సేద్యం చేసేవాడి స్వాధీనాన్ని చెప్పే మాట, స్వాధీనమంటేనే అనుమానం పుట్టించే మాటగా మారింది.

‘సదరు’

పహాణీ చూసి రాయవలసినది అన్నాను. ఎప్పుడూ చూసే రాశారని అనలేదు. పట్వారీ ఇంటి అరుగు మీద కూర్చొని నిరుటి పహాణీని ముందు పెట్టుకొని ఈ ఏటి పహాణీ రాయడం పల్లెల్లో అందరికీ తెలిసిన సంగతి. అనుభవదారు గడిలో పట్టాదారు పేరునే మళ్ళీ రాయడం, లేదా ‘సదరు’ అనో, ‘స్వయం’ అనో, ఉర్దూ కాగితాల్లో ‘ఖుద్ కాష్త్’ అనో రాయడం, అదీ లేకపోతే పై గడి నుంచి కిందికి ఒక గీత లాగడం, ఇవి చేతిరాత యుగపు అప్రమేయ విలువలు. ‘సదరు’ అంటే పైన చెప్పిన ఆ మనిషే. అరబ్బీ మూలం నుంచి దస్తావేజు తెలుగులోకి వచ్చిన ఈ చిన్న మాట ఎన్ని ఎకరాల సేద్యాన్ని ఎవరి ఖాతాలోకి మార్చిందో లెక్కగట్టడం కష్టం.

అయినా చేతిరాతలో ఒక సౌకర్యం ఉంది. గీత గీతలాగే కనిపిస్తుంది. ‘సదరు’ అన్నది పేరు కాదని చదివేవారికి తెలుస్తుంది. వరుసగా ముప్పై గడుల్లో ఒకే సిరా, ఒకే వాలు, ఒకే ‘స్వయం’ కనిపిస్తే, ఇది పొలం గట్టు మీద రాసింది కాదని పరిశోధకుడు ఊహించగలడు. కొట్టివేతలు, పై రాతలు, వేరే చేతి అక్షరాలు, అంచున వేసిన పొట్టి సంతకం మొదలైనవన్నీ సాక్ష్యాలే. పాఠపరిష్కరణలో లేఖక ప్రమాదాలను పట్టుకొనే పద్ధతులన్నీ పహాణీకి వర్తిస్తాయి. అబద్ధమైనా అది ఎవరి చేతి అబద్ధమో తెలిసే అవకాశం ఉంది. 1984 జనవరిలో పట్వారీ, మాలీ పటేల్, పోలీస్ పటేల్ పదవులు రద్దయ్యాయి. పుస్తకాలు చేతులు మారాయి గాని గడులు మారలేదు.

పట్టికకు గణితం వచ్చింది

1970 జూన్‌లో ఐబీఎం పరిశోధకుడు ఇ. ఎఫ్. కాడ్ ప్రచురించిన పత్రం సమాచారాన్ని అడ్డువరుసలు, కాలమ్‌లుగా భావించి వాటిపై గణితపరమైన ప్రక్రియలు జరపవచ్చునని చూపింది. 1974లో అదే సంస్థకు చెందిన డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ ఆ పట్టికలను ప్రశ్నించడానికి ఒక భాషను రూపొందించారు. తర్వాత ఎస్‌క్యూఎల్ అయినది అదే. 1986లో దానికి మొదటి ప్రమాణం ఏర్పడింది. 1989 నాటి సవరణలో కాలమ్‌కు అప్రమేయ విలువను నిర్దేశించే ‘డిఫాల్ట్’ నిబంధన ప్రమాణంలోకి వచ్చింది.

దాని పనితీరు సులువు. పట్టికను నిర్మించేటప్పుడే ఒక కాలమ్ పేరు, అందులో ఉండవలసిన సమాచార రకం చెప్పి, ‘విలువ ఇవ్వకపోతే ఇది వేసుకో’ అని రాస్తారు. కొత్త వరుసను చేర్చేవారు ఆ కాలమ్‌ను ప్రస్తావించకపోతే ఆ విలువ చేరుతుంది. ఇక్కడ మూడు సూక్ష్మాలు గమనించాలి. కాలమ్‌ను ప్రస్తావించకపోవడం వేరు, ‘విలువ లేదు’ అని ప్రస్తావించి చెప్పడం వేరు. రెండవ సందర్భంలో ‘నల్’ అనే శూన్య సంకేతం చేరుతుంది గాని అప్రమేయ విలువ చేరదు. తర్వాతి కాలంలో ఆ అప్రమేయాన్ని మార్చినా, అది ఆపైన వచ్చే వరుసలకే వర్తిస్తుంది, పాత వరుసలు పాత విలువతోనే ఉంటాయి. అన్నిటికంటే ముఖ్యమైనది మూడవది. ఒకసారి చేరిన తర్వాత ఆ విలువకు వేరే గుర్తు ఏదీ ఉండదు. ఒకరు పొలానికి వెళ్ళి, చూసి, విచారించి ‘స్వయం’ అని నమోదు చేసినా, ఎవరూ ఏమీ రాయనందువల్ల ‘స్వయం’ చేరినా, వరుసలో కనిపించేవి అవే అక్షరాలు. సిరా తేడా లేదు.

కొన్ని వ్యవస్థలు అడగకుండానే విలువలు పెట్టిన సందర్భాలూ ఉన్నాయి. మైఎస్‌క్యూఎల్ సడలింపు పద్ధతిలో నడిచినప్పుడు, ఖాళీగా ఉండకూడదని చెప్పిన కాలమ్‌కు విలువ రాకపోతే అంకెల చోట సున్నా, అక్షరాల చోట ఖాళీ పదం, తేదీ చోట సున్నా సంవత్సరం, సున్నా నెల, సున్నా రోజు వేసుకొనేది. 2015లో వచ్చిన 5.7 కూర్పు నుంచి కఠిన పద్ధతే సామాన్యమైంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఖాళీ పదాన్ని తేదీగా మారిస్తే 1900 జనవరి 1 అవుతుంది. మా నాన్నగారి పుట్టినరోజు కాగితాల ప్రకారం జూలై 1. బడిలో వేసిన రోజున పంతులుగారు రాసిన తేదీ అది. ఆ తరంలో మా ఊళ్ళో సగం మంది జూన్, జూలై నెలల్లోనే పుట్టారు. యంత్రం చేసినదీ పంతులుగారు చేసినదీ ఒకటే పని. కాకపోతే పంతులుగారిని ఎరిగినవారు ఊళ్ళో ఉన్నారు.

‘లేడు’ వేరు, ‘అడగలేదు’ వేరు

ఖాళీ గడిని ఏం చేయాలన్నది డేటాబేస్ సిద్ధాంతంలో పెద్ద వివాదం. తెలియని విలువకు ప్రత్యేక సంకేతం ఉండి తీరాలని కాడ్ వాదించాడు. 1985లో ఆయన ప్రకటించిన నియమాల్లో మూడవది దీని గురించే. 1990 నాటి తన పుస్తకంలో ఆయన ఇంకో అడుగు ముందుకు వేసి, ఉండవలసిన విలువే గాని మనకు తెలియనిది ఒక రకమనీ, అసలు ఆ ప్రశ్నే వర్తించనిది మరో రకమనీ రెండు గుర్తులను ప్రతిపాదించాడు. క్రిస్ డేట్ దీనికి ఎదురు నిలిచాడు. శూన్య సంకేతాలు తర్కాన్ని మూడు విలువలదిగా మార్చి అయోమయం కలిగిస్తాయనీ, వాటికంటే జాగ్రత్తగా ఎంచిన అప్రమేయ విలువలు మేలనీ ఆయన 1980ల నుంచి వాదిస్తూ వచ్చాడు.

ఇది తర్కశాస్త్ర వివాదంగానే సాగింది. దీన్ని సుల్తాన్‌పూర్ పొలానికి తెచ్చి చూద్దాం. ఒక ఊహాత్మక ఉదాహరణ. మూడెకరాల చెలక. పట్టాదారు నగరంలో ఉంటాడు. ఎనిమిదేళ్ళుగా ఒక కుటుంబం నోటిమాట కౌలు మీద అక్కడ జొన్న, కంది వేస్తున్నది. అనుభవదారు గడిలో ఏముండాలి? ఆ కుటుంబ పెద్ద పేరు ఉండవచ్చు. అడిగి, చూసి, ‘కౌలుదారు ఎవరూ లేరు’ అని రాసి ఉండవచ్చు, అది తప్పు నమోదు అవుతుంది. ‘విచారణ జరగలేదు’ అని ఉండవచ్చు, అది నిజమైన నమోదు. లేదా పట్టాదారు పేరే అక్కడా ఉండవచ్చు. రెవెన్యూ పట్టికలో ఎక్కువగా జరిగేది ఈ చివరిదే. డేట్ కోరుకున్న జాగ్రత్త ఇక్కడ లేదు. ఆయన దృష్టిలోని అప్రమేయ విలువ ‘తెలియదు’ అని ఒప్పుకొనే విలువ. ఇక్కడ చేరింది తెలిసినట్టు నటించే విలువ. ఈ విషయంలో నేను కాడ్ పక్షమే, ఆయన సాంకేతిక కారణాల కోసం కాదు. ‘అడగలేదు’ అన్న వాక్యానికి పట్టికలో చోటు ఉంచమన్న ఒక్క కారణం కోసం.

చట్టం ఈ నటనకు బలం చేకూర్చింది. 1971 నాటి భూహక్కుల, పట్టాదారు పాసుపుస్తకాల చట్టం 6వ సెక్షన్ ప్రకారం హక్కుల రికార్డులోని నమోదు తప్పని నిరూపణ అయ్యేవరకు నిజమని భావించాలి. ఇది కూడా ఒక అప్రమేయమే, న్యాయశాస్త్రపు అప్రమేయం. రికార్డుకు విలువ ఉండాలంటే అటువంటి నియమం అవసరమే, దాన్ని తప్పుపట్టలేం. అయితే విచారించకుండా నిండిన గడి, నిజమని భావించవలసిన రికార్డులో పడినప్పుడు నిరూపణ భారం ఎవరి మీదికి పోతుంది? పేరు లేనివారి మీదికి. నోటిమాట కౌలుకు కాగితం ఉండదు. కాగితం లేదని తెలిసే కదా ఆ గడిని పెట్టింది.

కాలమ్ లేకుండా పోయినప్పుడు

2017 సెప్టెంబరు 15న తెలంగాణలో భూరికార్డుల ప్రక్షాళన మొదలైంది. వివాదం లేని ఖాతాలు ఒకవైపు, వివాదాస్పదమైనవి ‘పార్ట్-బి’ పేరున మరొకవైపు పెట్టారు. 2018 మే నుంచి రైతుబంధు కింద ఎకరానికి సీజనుకు 4,000 రూపాయలు పట్టాదారులకు అందాయి, తర్వాత ఆ మొత్తం 5,000 అయింది. అదే ఏడాది ఆగస్టులో వచ్చిన రైతుబీమా కూడా పట్టా ప్రాతిపదికగానే నడిచింది. 2020లో గ్రామ రెవెన్యూ అధికారుల పదవులు రద్దయ్యాయి. కొత్త పాసుపుస్తకాల చట్టం అమలులోకి వచ్చి, 2020 అక్టోబరు 29న ధరణి పోర్టల్ ప్రారంభమైంది. ఆ పోర్టల్‌లోని పహాణీలో అనుభవదారు కాలమ్ లేదు.

ఈ మార్పును సమర్థించినవారి వాదన విస్మరించదగినది కాదు. అనుభవదారు గడి అవినీతికి ఆలవాలమైందనీ, డబ్బు తీసుకొని ఎవరి పేరైనా ఎక్కించారనీ, దాన్ని పట్టుకొని పట్టాదారు మీద దావాలు వేశారనీ వారన్నారు. అలాంటి సంఘటనలు జరిగాయి. ముఖ్యంగా ఎకరం ధర కోట్లలో పలికే నగర శివార్లలో, అంటే ఈ సుల్తాన్‌పూర్ వంటి చోట్ల, ఆ గడిలో ఒక పేరు చేరడం, తొలగడం చిన్న విషయం కాదు. అయితే గడిలో తప్పు రాశారు కాబట్టి గడినే తీసేస్తే, ప్రశ్న పోయింది గాని జవాబు పోలేదు. కాలమ్ లేని పట్టిక ప్రతి వరుసలోనూ ఒకే జవాబు చెబుతుంది: పట్టాదారే సేద్యగాడు.

డేటాబేస్ సాంకేతికతలో దీనికి పోలిక ఉంది. వెనుకటి వ్యవస్థల్లో లక్షల వరుసలున్న పట్టికకు అప్రమేయ విలువతో కొత్త కాలమ్ చేర్చాలంటే ప్రతి వరుసనూ తిరగరాయవలసి వచ్చేది, గంటలు పట్టేది. 2007లో వచ్చిన ఒరాకిల్ 11జీ, 2018లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 11 కూర్పులు ఒక ఉపాయం తెచ్చాయి. అప్రమేయ విలువను పట్టిక వర్ణనలో ఒక్కచోట రాసిపెట్టి, పాత వరుసల్లో దేనినీ ముట్టకుండా, చదివేటప్పుడు మాత్రం ప్రతి వరుసలోనూ అది ఉన్నట్టు చూపిస్తాయి. ఏ వరుసలోనూ రాయలేదు, అన్ని వరుసల్లోనూ చదవబడుతుంది. ఇంజినీర్లకు ఇది చక్కని పొదుపు. భూరికార్డులో పట్టాదారే సేద్యగాడన్న విలువ కూడా ఇలాగే ఏ గడిలోనూ రాయకుండానే రైతుబంధు జాబితాలోనూ, బీమా జాబితాలోనూ, బ్యాంకు రుణపత్రంలోనూ చదవబడింది.

దీని వల్ల నష్టపోయినవారు ఒకే వర్గం కాదు. తెల్లకాగితం మీద భూమి కొన్నవారు, అంటే సాదాబైనామాదారులు, ఏళ్ళ తరబడి దున్నుకుంటున్నా పట్టా గడిలో అమ్మినవారి పేరే ఉండేది. వారి ఉనికికి రెవెన్యూ సాక్ష్యం అనుభవదారు గడి. వారి క్రమబద్ధీకరణకు 2020 అక్టోబరులో దరఖాస్తులు తీసుకుంటూ ఉండగానే, దానికి ఆధారమైన 1971 చట్టం స్థానంలో కొత్త చట్టం వచ్చింది. నవంబరులో విషయం హైకోర్టుకు చేరి, కొత్త చట్టం అమలు తర్వాత వచ్చిన దరఖాస్తులు ఆగిపోయాయి. కౌలుదారుల కోసం 2011లోనే సాగుదారుల గుర్తింపు చట్టం వచ్చి రుణ అర్హత కార్డులు ఇచ్చింది గాని, పట్టాదారులు తమ గడికి ముప్పు అనుకొని సహకరించని చోట్ల ఆ కార్డులు అందలేదు. ఇక మన పారిశ్రామిక వలయానికి నేరుగా తగిలేది 2013 నాటి కేంద్ర భూసేకరణ చట్టం. భూమి లేకపోయినా, సేకరణకు ముందు మూడేళ్ళుగా ఆ ప్రాంతంలో కౌలు చేసుకుంటూ, పాలుకు దున్నుకుంటూ బతికిన కుటుంబాన్ని కూడా అది బాధిత కుటుంబంగా గుర్తిస్తుంది. మూడేళ్ళ సేద్యాన్ని చూపించే వార్షిక పత్రం ఏది? పహాణీ. అందులో ఏ గడి? ఒక చట్టం అడిగే ప్రశ్నకు జవాబిచ్చే కాలమ్‌ను మరో చట్టం నడిపే పట్టిక వదిలేసింది.

ఇంకో పట్టిక

సుల్తాన్‌పూర్‌కు దగ్గరలోనే పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఉంది. 1972లో స్థాపితమైన ఈ అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ 1975లో గ్రామస్థాయి అధ్యయనాలు మొదలుపెట్టింది. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా ఔరేపల్లి వాటిలో ఒకటి. ఒక్కో గ్రామంలో నలభై కుటుంబాలను ఎంచుకొని, గ్రామంలోనే నివసించే పరిశోధక సహాయకుల ద్వారా ఏళ్ళ తరబడి సమాచారం సేకరించారు. ఆ పట్టికల్లో ప్రతి మడికీ అది సొంతమా, కౌలుకు తీసుకున్నదా, పాలుకు చేస్తున్నదా అన్నది విడిగా నమోదైంది. అదే కాలపు అదే తెలంగాణ పల్లె, ఒక పట్టికలో సేద్యగాడు కనిపిస్తాడు, మరో పట్టికలో పట్టాదారు నీడలో కలిసిపోతాడు. కౌలు చరిత్ర రాసేవారు రెవెన్యూ పట్టిక కంటే ఈ పట్టికలను ఎక్కువగా నమ్మడానికి కారణం ఇదే. అయితే నలభై కుటుంబాల నమూనా ఎవరికీ పాసుపుస్తకం ఇవ్వదు.

తిరిగి చేర్చే కాలమ్

2025 ఏప్రిల్ 14న భూభారతి చట్టం అమలులోకి వచ్చింది. అది గ్రామ లెక్కల నిర్వహణకు మళ్ళీ చోటిచ్చింది, అనుభవ వివరాలను లెక్కల్లోకి తేవాలన్న చర్చ దానితో ముందుకు వచ్చింది. ఉన్న పట్టికకు కొత్త కాలమ్ చేర్చేటప్పుడు పట్టికను గీసేవారు తప్పించుకోలేని ప్రశ్న ఒకటుంది. ఇప్పటికే ఉన్న వరుసల్లో ఈ కాలమ్‌కు ఏం వేయాలి? పట్టాదారు పేరును నకలు చేయవచ్చు, ఒక్క ఆదేశంతో పని అయిపోతుంది, తెర మీద ఖాళీలు కనిపించవు. ప్రక్షాళనకు ముందటి పహాణీ నుంచి పాత అనుభవదారు పేర్లు తేవచ్చు. అందులో 2017 తర్వాత చేతులు మారిన సేద్యం తప్పుగా కనిపిస్తుంది, పాత ‘సదరు’లన్నీ పేర్లుగా మారి వస్తాయి. లేదా ‘విచారణ కావలసి ఉంది’ అన్న విలువ వేసి, పక్కన మరో రెండు కాలమ్‌లు, విచారించిన తేదీ, విచారించినవారి హోదా, చేర్చి వాటికి మాత్రం ఏ అప్రమేయ విలువా పెట్టకుండా వదిలేయవచ్చు. సాంకేతికంగా ఇది కష్టమైనది కాదు. పరిపాలనకే ఇబ్బంది, ఎందుకంటే పని పూర్తికాని గడులు ఎన్ని ఉన్నాయో అందరికీ కనిపిస్తుంది.

పరిశోధకులకు దీనిలో ఆచరణకు సంబంధించిన విషయం ఉంది. 1954-55 ఖాస్రా నుంచి ఈనాటి ముద్రిత పహాణీ దాకా ఒక గ్రామాన్ని అధ్యయనం చేసేటప్పుడు, ఈ మూడు దశల పత్రాలనూ ఒకే వరుస ఆధారాలుగా కలిపి శాతాలు గట్టే అలవాటు మన సిద్ధాంత గ్రంథాల్లో కనిపిస్తుంది. చేతిరాత పహాణీలో ‘స్వయం’ ఒక లేఖకుడి మాట, కంప్యూటర్ పహాణీలో అది లేఖకుడి మాట కావచ్చు, పట్టిక మాట కావచ్చు, ధరణి కాలపు పహాణీలో అది కాలమ్ లేకపోవడం నుంచి మనం చేసే ఊహ మాత్రమే. వీటిని కలిపి ‘స్వయం సేద్యం పెరిగింది’ అని రాస్తే పెరిగింది సేద్యమో, అప్రమేయ విలువో తెలియదు. పట్టిక నిర్మాణ పత్రం, అందులోని కాలమ్‌ల వర్ణన, ఏ తేదీన ఏ కాలమ్ చేరిందో, ఏది తొలగిందో తెలిపే పట్టీ, ఇవి సమాచార హక్కు చట్టం కింద అడగదగిన పత్రాలు. మన పరిశోధకులు ఇంతవరకు పహాణీ నకళ్ళు అడుగుతూ వచ్చారు, వాటితో పాటు ఈ వర్ణనలను కూడా అడగవలసి ఉంది.

సుల్తాన్‌పూర్ వంటి గ్రామంలో ఇందుకు గడువు కూడా తక్కువ. వ్యవసాయ భూమిని వ్యవసాయేతర భూమిగా మార్చిన తర్వాత పహాణీలో అనుభవదారు అన్న ప్రశ్నే వర్తించదు. కాడ్ రెండవ గుర్తు అక్కడ పడుతుంది. అంతకు ముందు ఆ వరుసలో ఉండవలసిన పేరు ఎవరిదో చెప్పగలిగే సాక్షులు ప్రస్తుతం ఊళ్ళోనే ఉన్నారు. కొందరు తాము దున్నిన చెలకల మీద లేచిన గోదాముల్లో కాపలా పని చేస్తున్నారు.